బొంతలో ఏముంది తాతా?

బుజ్జమ్మకీ చిన్నోడికీ, సాయంత్రం మీతో ఆడుకోడానికొచ్చే మేడమీద పిల్లలకీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం మీ అమ్మ నాతో ఫోన్లో మాట్లాడుతుంటే వెనకనించి బుజ్జమ్మ గొంతు వినబడింది. "ఈ బొంతలో ఏముంది తాతా, రాళ్ళు పెట్టి కుట్టారా?" అని. జరిగిందేమిటంటే దానిమీద సాంబారు ఒలికింది (ఎవరు ఒలకబోశారో నేను అడగలేదు), మీ అమ్మ తీసుకెళ్ళి వాషింగ్ మెషీన్‌లో పడేసింది, అది రెండు చుట్లు తిరిగి గడగడలాడి ఆగిపోయింది. తడిసిన బొంతని మీ అమ్మా నాన్నా చెరో కొసా పట్టుకుని బయటికి లాగారట. నాకు నవ్వాగలేదు. మీ అమ్మకి కోపమొచ్చి ఫోన్ పెట్టేసింది. కోపం తగ్గేదాకా రెండ్రోజులు ఆగి ఇప్పుడు రాస్తున్నాను.

రాళ్ళేం లేవమ్మా, బట్టలే. పైన మీ అమ్మమ్మ చీర ఒకటి, అడుగున ఇంకొకటి, మధ్యలో మరో మూడు చీరలు, నా పంచెలు రెండు, ఒక పాత దుప్పటి. అవన్నీ పొరలు పొరలుగా పరిచి, అంచు దగ్గర మొదలుపెట్టి వేలెడు ఎడంతో లోపలికి కుట్టుకుంటూ వచ్చింది మీ అమ్మమ్మ. మీ అమ్మ నీ పురుటికి శ్రీకాకుళం వచ్చి ఉన్నప్పుడు కుట్టింది, రెండు నెలలు పట్టింది. పొడిగా ఉన్నప్పుడే నాలుగు కిలోలుంటుంది, నీళ్ళు తాగితే ఇంక చెప్పక్కర్లేదు, మెషీన్ తప్పేం లేదు పాపం. వీటన్నిటికీ నడుమ మూరెడు ముక్క ఇంకొకటి ఉంది. దాని సంగతి తర్వాత.

బొంత అంటే ఏమిటో చెప్పాలంటే నాకు పెరుగు తోడు తప్ప ఇంకేం తోచడం లేదు. మీకు పెరుగు ప్యాకెట్లో వస్తుంది కాబట్టి ముందు తోడు సంగతి చెప్పాలి. రాత్రి గోరువెచ్చటి పాలలో చెంచాడు పాత పెరుగు వేసి మూతపెడతారు, తెల్లారేసరికి గిన్నెడూ పెరుగే. అందులోంచి ఒక చెంచాడు మళ్ళీ రేపటికి తీసిపెడతారు. ఒక్కోరోజు తీసిపెట్టడం మర్చిపోతే పక్కింటికి వెళ్ళి అడిగి తెచ్చుకోవడమే. దీపాలు పెట్టాక పెరుగు ఇవ్వరు, అందుకని పొద్దుండగానే మా అమ్మ నా చేతికి గిన్నె ఇచ్చి తరిమేది. ఇవాళ మనం వాళ్ళకిచ్చామా, ఇంకో నెలకి వాళ్ళు మనకిస్తారు, ఆ వచ్చింది కూడా మనం ఇచ్చిన పెరుగు పిల్లే. వీధి మొత్తానికి ఒకటే పెరుగు అన్నమాట.

బొంత కూడా అంతే. చిరిగి చీలికలైన పాత బొంతని ఎవరూ పారెయ్యరు, కొత్త బొంత కుట్టేటప్పుడు దాన్ని మధ్యలో పరిచేస్తారు. అది తోడు. పాలు గోరువెచ్చగా ఉండాలన్నట్టే బట్ట కూడా బాగా ఉతికి ఉతికి మెత్తబడి ఉండాలి, కొత్త బట్ట వేస్తే మొదటి ఉతుకుకే అది ముడుచుకుపోయి బొంతంతా గుంటలూ మిట్టలూ అవుతుంది. తోడు ఎక్కువైతే పెరుగు పులుస్తుంది చూడు, పాత బొంత మరీ ఎక్కువ పరిస్తే సూది దిగదు. పెరుగు మీద మీగడ కడుతుంది, బొంత మీద... లేదు, ఇక్కడ కుదరలేదు. పెరుగు తోడుకునేటప్పుడు గిన్నె కదపకూడదు, బొంతనేమో రోజూ దులపాలి, అదీ కుదరదు. పోనీలే, అక్కడిదాకా బాగానే వచ్చింది కదా.

మన దగ్గరే కాదు, బెంగాల్లో కాంతా అంటారు, మహారాష్ట్రలో గోధడి, కర్ణాటకలో కౌది. అన్నీ పాత బట్టలే.

చిన్నోడు కూడా ఒకసారి అడిగాడు, బొంత కప్పుకుంటే వేడి ఎక్కడినించి వస్తుందని. వేడి నీదేరా. బొంత దాన్ని బయటికి పోనివ్వదు, అంతే. పొరకీ పొరకీ మధ్య గాలి ఇరుక్కుని కదలకుండా ఉంటుంది, ఆ గాలిని దాటి వేడి తొందరగా పోలేదు. తడిసిన బొంతలో గాలి ఉండాల్సిన చోట నీళ్ళుంటాయి కాబట్టి అది కప్పుకున్నా చలేస్తుంది. ఇంతకన్నా నాకు చెప్పడం రాదు గానీ నా చిన్నప్పటి ఘనకార్యం ఒకటి చెప్తాను. మా ఊరు పొందూరు దగ్గర. ఎండాకాలం సోడా బండివాడు ఐసు దిమ్మని రంపప్పొట్టులో పెట్టి గోనెపట్టా చుట్టి తెచ్చేవాడు. చలికి కప్పుకునే గోనెలో పెడితే ఐసు వేడెక్కి కరిగిపోవాలి కదా, ఎందుకు కరగడం లేదని నాకు అనుమానం. ఒకరోజు అణా పెట్టి ముక్క కొని, అరుగుమీద సగం పెట్టి, మిగతా సగం మా మామ్మ బొంతలో చుట్టాను. అరుగుమీదది చూస్తుండగానే నీరైపోయింది. బొంతలోది నేను గోళీలాట ఆడి వచ్చినా రేగుపండంత మిగిలే ఉంది. మామ్మ వచ్చి తడి బొంత చూసి "ఏటిరా ఈ పని, ఇన్నేళ్ళొచ్చి పక్క తడుపుతున్నావేటి?" అని వీధంతా వినబడేలా కేకలేసింది. మీ ఫ్రిజ్‌లో ఐసు ముక్కలుంటాయి కదా, ఒకటి పళ్ళెంలో, ఒకటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి పాత తువ్వాళ్ళు చుట్టి, మీరే చూడండి. కవరు మర్చిపోకండి.

పొందూరంటే గుర్తొచ్చింది. మా నాన్న పంచెలు పొందూరు ఖద్దరు. వాలుగ చేప దవడ ఎముక ఉంటుంది, సన్నటి పళ్ళతో దువ్వెనలా, దానితో అక్కడి ఆడవాళ్ళు పత్తి ఏకి శుభ్రం చేసి రాట్నం మీద వడుకుతారు. నూరో నంబరు దారం తీస్తారు. నూరో నంబరంటే ఏమిటనుకున్నారు, అరకిలో కూడా ఉండని పత్తిలోంచి 76 కిలోమీటర్ల దారం. శ్రీకాకుళం నించి విజయనగరం దాకా సాగదీసినా ఇంకా మిగులుతుంది. అలాంటి పంచె చిరిగిపోతే ఎవరికి పారెయ్యబుద్ధేస్తుంది? ముందు పసిపిల్లలకి పొత్తిగుడ్డలయ్యేది, ఆ తర్వాత బొంతలోకి వెళ్ళేది. మా అమ్మ దారం కూడా కొనేది కాదు, పాత చీర అంచులు చింపి అందులోంచి పోగులు లాగి పురి పెట్టేది. పోగులు లాగడం నా పని, ఆ పనంటే నాకు పరమ అసహ్యం.

ఇప్పుడు ఆ మూరెడు ముక్క సంగతి.

1972లో నేను శ్రీకాకుళంలో హాస్టల్లో ఉండి చదువుకునేవాణ్ణి. నా గదిలో ఉద్దానం కుర్రాడు ఒకడుండేవాడు, ఇప్పుడు మీరు కొబ్బరికాయల తాత అంటారే, ఆయనే. వాడికి చాప, తువ్వాలు, అంతే. మార్గశిరం చలికి వాడు మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని పడుకునేవాడు. సగం రాత్రి నా బొంత వాడు లాగేసేవాడు, మిగతా సగం నేను లాక్కునేవాణ్ణి. దసరాకి ఒకసారి వాణ్ణి మా ఇంటికి తీసుకెళ్ళాను, వాడూ నేనూ పోటీపడి గారెలు తింటుంటే మా అమ్మ "గంతకు తగ్గ బొంతే దొరికాడు నీకు" అని నవ్వింది. నేను మాటల్లో బొంత తగాదా చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు.

సంక్రాంతికి ఇంటికెళ్ళేసరికి కొత్త బొంత కుట్టి మడతపెట్టి ఉంచింది. పైపొర నీలం చీర. ఆ చీరంటే నాకు ప్రాణం, ఎందుకంటే నా ఏడో ఏట అమ్మ నన్ను విజయనగరం పైడితల్లి పండక్కి తీసుకెళ్ళినప్పుడు అదే కట్టుకుంది. సిరిమాను చూశారా మీరు? అంత పొడుగు చింతమాను, దాని కొసన పూజారిగారు కూచుని ఉంటారు, అది గాల్లో ఊగుతూ గుడినించి కోటదాకా మూడుసార్లు తిరుగుతుంది. జనంలో తప్పిపోతానేమోనని సిరిమాను వెళ్ళినంతసేపూ ఆ నీలం చెంగు పిడికిట్లో బిగించి పట్టుకునే ఉన్నాను, పైకి చూసింది తక్కువే. సరే, ఆ చీరతో కుట్టిన బొంత నాకే అనుకుని చంకలో పెట్టుకున్నాను. "అది నీకు కాదురా, ఆ గుంటడికి. నీకు పాతది ఉంది కదా" అంది. పాతది వాడికిస్తే సరిపోయేది కదా అని నేను ఏడుపుమొహం పెట్టాను. అప్పుడు అమ్మ అన్నమాట మీరు కూడా గుర్తుపెట్టుకుంటే మంచిదే: "మనకి మిగిలింది ఇస్తే అది వదిలించుకోవడం రా." నాకు అప్పుడు అర్థం కాలేదు. కోపం మాత్రం చాలారోజులు ఉంది.

తర్వాత నాకూ ఇంకోటి కుట్టి ఇచ్చింది. అమ్మ పోయాక దాన్ని వాడటానికి మనసొప్పక ట్రంకుపెట్టెలో కలరా ఉండలు వేసి దాచాను. ఏడాదికోసారి, సంక్రాంతికి తీసి, వాసన చూసి, మళ్ళీ లోపల పెట్టేవాణ్ణి. ఒక ఏడు అదీ మానేశాను. ఆ తర్వాత తీసేసరికి పెట్టె అడుగు తుప్పుపట్టి కన్నం పడింది, లోపల ఎలుక కాపురం పెట్టింది. బొంత అంటూ ఏమీ లేదు, పిడికెడు పేలికలు, ఎలుక పిల్లలు. మీ అమ్మమ్మ నన్నేమీ అనలేదు, అంటే బాగుండేది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చింది. 11వ తారీకు తెల్లవారుజామున పలాస వైపు తీరం దాటింది, ఉద్దానంలో కొబ్బరిచెట్లూ జీడితోటలూ నేలమట్టమయ్యాయి. వారం తర్వాత బియ్యం, కొవ్వొత్తులు పట్టుకుని నా హాస్టల్ స్నేహితుడి ఊరు వెళ్ళాను. ఇంటిముందు ఎండలో, పడిపోయిన కొబ్బరిమాను మీద అడ్డంగా ఒక బొంత ఆరేసి ఉంది. పూల చీరతో ఉంది కాబట్టి నేను పోల్చుకోలేదు. వాడే అన్నాడు, "మీ అమ్మ బొంతేరా, పైన మూడుసార్లు చీర మార్చాం" అని. నలభై ఆరేళ్ళు వాడు కప్పుకున్నాడు, వాడి పిల్లలు కప్పుకున్నారు, మనవలు దానిమీద పాకారు, నాగలి పట్టుకున్న ఒళ్ళంత గట్టిగా ఉంది. నాకు సిగ్గు లేకుండా నోట్లోంచి వచ్చేసింది, "నాకిచ్చెయ్యరా" అని. వాడు నవ్వలేదు. "ఇవ్వను" అన్నాడు. ఇల్లు సగం కూలి, తోట మొత్తం పడిపోయి ఉన్నవాణ్ణి బొంత అడిగాను, ఇప్పటికీ తల్చుకుంటే అదోలా ఉంటుంది.

రెండేళ్ళకి వాళ్ళావిడ మళ్ళీ పైచీర మారుస్తూ, కుట్టు విప్పినప్పుడు లోపల్నించి మూరెడు ముక్క కత్తిరించి, జీడిపప్పు పొట్లంతో పాటు పంపింది. అప్పుడే నువ్వు మీ అమ్మ కడుపులో ఉన్నావు బుజ్జమ్మా. మీ అమ్మమ్మ ఆ ముక్కని నాకు చూపించి, నేను దాచేలోపలే తీసుకెళ్ళి నీ బొంత మధ్యలో పరిచేసింది.

ఇంక మెషీన్‌లో వెయ్యకండి. మేం నాగావళికి మోసుకెళ్ళి, ఇసుకలో గుంట చేసి, సబ్బు నీళ్ళలో వేసి కాళ్ళతో తొక్కేవాళ్ళం. మీరు పెద్ద టబ్బులో తొక్కండి, బట్టలుతుకుతున్నామని చెప్తే మీ అమ్మ తిట్టదు. ఒక పూట ఒకవైపు, ఇంకో పూట రెండోవైపు ఎండ తగలాలి, లేకపోతే లోపలిపొర ఆరక ముక్కిపోయిన వాసన వస్తుంది. ఎండిందో లేదో చెంప ఆనించి చూడాలి, చేతికి తెలియదు.

మెషీన్‌లో తిరిగినప్పుడు ఒక మూల కుట్టు ఊడిందని మీ అమ్మ చెప్పింది. ఆవిడ మళ్ళీ కుట్టెయ్యకముందే టార్చి తీసుకుని అక్కడినించి లోపలికి చూడు, లాగకుండా. పంచె తెల్లగా కనిపిస్తుంది, దాని కింద గళ్ళ దుప్పటి, ఇంకా లోపలికి వేలు పెడితే నీలం. ఒకవైపు సన్నటి అంచు కూడా ఉండాలి. ఆ అంచుమీద చేపలుండేవో, మామిడి పిందెలుండేవో ఎంత తల్చుకున్నా నాకు గుర్తురావడం లేదు. మీ అమ్మమ్మని అడిగితే తను చూళ్ళేదంటోంది. చూసి నాకు రాయి.

మీ తాతయ్య