ఉత్తర కెనడాలో ఆదివాసీ టీచర్ల శిక్షణ: నేను తరచూ వినే అపోహలు, నేను చూసిన వాస్తవాలు

కెనడాలో సస్కాచెవాన్ ఉత్తర భాగంలో టీచర్ ట్రైనింగ్ చేస్తున్నవాళ్ళ క్లాసులు చూడటం నా ఉద్యోగం. వెనక బెంచీలో కూర్చుని చూస్తాను, అయ్యాక వాళ్ళతో కూర్చుని మాట్లాడతాను. ఎక్కువమంది క్రీ అనే ఆదివాసీ జాతివాళ్ళు, కొందరు డెనే, మేటీ జాతులవాళ్ళు. ఊరికీ ఊరికీ మధ్య అడవి, సరస్సులు. కొన్ని ఊళ్ళకి విమానం తప్ప దారి లేదు, చలికాలంలో మాత్రం గడ్డకట్టిన సరస్సు మీద వేసే ఐస్ రోడ్డు ఉంటుంది. టొరంటోలో ఉన్న మనవాళ్ళైనా, ఇండియాలో నాతో బీఈడీ చేసినవాళ్ళైనా నన్ను అడిగేవి ఇంచుమించు ఇవే.

అపోహ: వాళ్ళకి వేరే కోర్సు అంటే అదేదో తేలిక కోర్సు.

డిగ్రీ అదే, ఇచ్చే యూనివర్సిటీ అదే, చేతికొచ్చే టీచింగ్ సర్టిఫికెట్ అదే. మారింది చదివే చోటు, టైమ్‌టేబుల్. తమ పిల్లల చదువు మీద పెత్తనం తమకే ఉండాలని 1972లో నేషనల్ ఇండియన్ బ్రదర్‌హుడ్ అనే ఆదివాసీల సంఘం (ఇక్కడ 'ఇండియన్' అంటే కెనడా ఆదివాసీ) కెనడా ప్రభుత్వానికి ఒక విధాన పత్రం ఇచ్చింది. తమ టీచర్లను తామే తయారు చేసుకోవాలన్నది అందులో గట్టిగా చెప్పిన విషయం. మానిటోబాలో బ్రాండన్ యూనివర్సిటీ కార్యక్రమం 1971లో, మా సస్కాచెవాన్‌లోని సాస్కటూన్‌లో ఐటెప్ అనే ఆదివాసీ టీచర్ల శిక్షణ 1972లో, ఉత్తరాన లా రాంజ్‌లో నార్టెప్ అనే అలాంటిదే 1976లో, ఆర్కిటిక్‌లో ఇప్పటి నునావుత్ ప్రాంతపు రాజధాని ఇకాలుయిట్‌లో అక్కడి ఆదివాసీలైన ఇన్యూట్ టీచర్ల శిక్షణ 1979లో మొదలయ్యాయి. బ్రాండన్ వాళ్ళ ఏర్పాటు నాకు బాగా నచ్చుతుంది. చలికాలమంతా సొంత ఊరి బడిలో క్లాస్‌రూమ్ అసిస్టెంట్‌గా పనిచేస్తారు, ఏప్రిల్ నుంచి జులై దాకా క్యాంపస్‌కి వచ్చి చదువుకుంటారు.

ఎందుకిలా? మా దగ్గర చేరేది ఎక్కువగా ఇంటర్ అయిపోయిన 18 ఏళ్ళ పిల్ల కాదు. ముప్పై దాటి, ముగ్గురు పిల్లలుండి, ఏడెనిమిదేళ్ళుగా ఒకటో తరగతిలో అసిస్టెంట్‌గా ఉన్న మనిషి. ఆమెను నాలుగేళ్ళు సిటీకి వచ్చి చదువుకోమంటే అద్దె, పిల్లల్ని చూసుకునే మనిషి, ఊళ్ళో ఒంట్లో బాగాలేని తల్లి, అన్నీ మీద పడతాయి. క్రిస్మస్ సెలవులకి ఇంటికెళ్ళినవాళ్ళు జనవరిలో తిరిగి రాకపోవడం నేను చాలాసార్లు చూశాను. ఫెయిలై మానేసినవాళ్ళు వాళ్ళలో తక్కువ.

అపోహ: మంచి టీచింగ్ ఎక్కడైనా ఒకటే. ప్రశ్నలు వేయాలి, పిల్లలతో మాట్లాడించాలి.

నేనూ అదే నమ్మకంతో వచ్చాను. మొదటి ఏడాది రెండో తరగతిలో ఒక ట్రైనీ పాఠం చూశాను. బల్ల మీద అట్ట పరిచి, పెద్ద వైట్‌ఫిష్ పెట్టి, ఎండబెట్టడానికి కోయడం మొదలుపెట్టింది. ఒక్క మాట లేదు. తోక దగ్గర గాటు, వెన్నెముక వెంబడి కత్తి, అటు పొర, ఇటు పొర, పొగ తగలడానికి మాంసం మీద సన్నగా గాట్లు. పన్నెండు నిమిషాలు. పిల్లలు మోచేతులు బల్లకానించి చూస్తున్నారు. నేను షీట్‌లో 'సూచనలు ఇవ్వలేదు, ప్రశ్నలు వేయలేదు, పిల్లల స్పందన లేదు' అని రాసుకున్నాను. తర్వాత ఆమె రెండో చేపని ఒక పాప ముందుకి జరిపింది, అంతే. ఆ పాప కత్తి అందుకుని తోక దగ్గరే మొదలుపెట్టింది. మూడో గాటు వంకర పోతే తనే ఆగి, మొదటి చేప వైపు చూసి సరిచేసుకుంది.

మూల కుర్చీలో ఒక కోకుమ్ కూర్చుని ఉంది. క్రీ పిల్లలు అమ్మమ్మనైనా నానమ్మనైనా అలాగే పిలుస్తారు. "ఏం రాశావమ్మా?" అని అడిగితే చదివి వినిపించాను. "పిల్లలు చూస్తుంటే మధ్యలో ఎందుకు మాట్లాడాలి?" అంది. ఆ షీట్ చింపేయలేదు, కొత్త సూపర్‌వైజర్లకి చూపిస్తుంటాను.

ఇంకా ఉత్తరాన నునావుత్‌లో పిల్లలు కనుబొమలు ఎగరేస్తే అవునని, ముక్కు చిట్లిస్తే కాదని అర్థం. తల పైకెత్తకుండా హాజరు తీసుకునే కొత్త టీచర్ రిజిస్టర్లో సగం క్లాసు ఆబ్సెంట్ పడుతుంది.

అపోహ: లెక్కలకి సంస్కృతితో పనేముంది?

ఇన్యూట్ లెక్క పదులతో కాదు, ఇరవైలతో నడుస్తుంది. చేతివేళ్ళు, కాలివేళ్ళు కలిపి ఇరవై. అలస్కాలోని కాక్టోవిక్ అనే ఊళ్ళో 1990లలో బడి పిల్లలే ఆ లెక్కకి సరిపడా అంకెలు తయారు చేశారు. 2022లో అవి కంప్యూటర్లు, ఫోన్లు వాడే అక్షరాల జాబితా యూనికోడ్‌లోకి కూడా ఎక్కాయి.

అపోహ: ఆదివాసీ టీచర్ అంటే భాష, సంస్కృతి క్లాసులు చెప్పే మనిషి.

నా ట్రైనీలకి అన్నిటికన్నా చిరాకు తెప్పించేది ఇదే. వాళ్ళు ఎలిమెంటరీ టీచర్లు. భిన్నాలు, సైన్సు, చదవడం, రాయడం అన్నీ చెప్పాలి. బడిలో ఆదివాసీ అంశం ఏదొచ్చినా వాళ్ళ నెత్తిన పెట్టేస్తే అది రెండో ఉద్యోగం, జీతం మాత్రం ఒకటే.

పైగా వాళ్ళలో చాలామందికి తమ భాష సరిగ్గా రాదు. కెనడా ప్రభుత్వం, చర్చీలు నడిపిన రెసిడెన్షియల్ స్కూళ్ళ పేరుతో లక్షన్నరకి పైగా పిల్లల్ని ఇళ్ళ నుంచి తీసుకెళ్ళిపోయారు. సొంత భాష మాట్లాడితే దండించేవారు. చివరివి మూతపడింది 1990లలోనే, అంటే మా ట్రైనీల తల్లులు ఆ బడుల్లో చదివినవాళ్ళే. 'మన భాష పిల్లలకి నేర్పుదాం' అని నవ్వుతూ అంటాం కానీ, ఆ ట్రైనీ తన తల్లి నోట వినని మాటల్ని ముందు తను నేర్చుకోవాలి. పిల్లలతో పాటు పక్క పేజీలో తనూ రాసుకుంటూ ఉంటుంది.

అందరిదీ ఒకే క్రీ కూడా కాదు. 'నేను' అనడానికి దక్షిణాన మైదానాల్లో 'నియ' అంటారు, లా రాంజ్ వైపు 'నీద', తూర్పున 'నీన'. ఒకసారి మైదానాల క్రీలో అచ్చయిన పుస్తకాల పెట్టె మా వైపు బడికి వచ్చింది. పిల్లలు చదివి పడీపడీ నవ్వారు. గోదావరి యాసలో రాసిన వాచకం ఆదిలాబాద్‌లో పంచినట్టు అనుకోండి.

ఇంకొకటి, ఇది తెలుగు టీచర్లకి సరదాగా ఉంటుంది. మనకి మహత్తు, అమహత్తు ఉన్నట్టు క్రీలో ప్రాణమున్నవి, లేనివి అని నామవాచకాలు రెండు రకాలు. రాయి ప్రాణమున్న వాటిలో చేరుతుంది. 'అది సజీవమా, నిర్జీవమా' అనే సైన్సు వర్క్‌షీట్‌లో రాయి బొమ్మ దగ్గర ఈ పిల్లలు ఆగిపోతే, వాళ్ళకి రాక కాదు.

అపోహ: ఇంటి భాషలో మొదలుపెడితే ఇంగ్లీషులో వెనకబడతారు.

ఉత్తర క్యూబెక్‌లో కటివిక్ అనే స్కూల్ బోర్డు బడుల్లో చిన్న తరగతులు ఇన్యూట్ భాష ఇనుక్టిటుట్‌లోనే నడుస్తాయి, ఇంగ్లీషో ఫ్రెంచో తర్వాత వస్తుంది. ఇది మనకి కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003-04 ప్రాంతంలో గోండి, కోయ, కువి, సవర సహా ఎనిమిది గిరిజన భాషల్లో ఇదే పని మొదలుపెట్టారు. చదవడమనే పని పిల్లవాడికి ఒక్కసారే రావాలి, వచ్చాక రెండో భాషకి వాడుకుంటాడు.

అపోహ: పోస్టులు రిజర్వ్ చేస్తే సరిపోతుంది.

ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ గిరిజనులకే ఇచ్చిన జీవో నెం.3 (2000)ని సుప్రీంకోర్టు 2020లో కొట్టేసిన సంగతి మనవాళ్ళకి తెలుసు. ఇక్కడి కథ వేరు. చట్టంలో మాట ఉంది, మనుషులు లేరు. నునావుత్‌లో 2008 విద్యా చట్టం 2019 కల్లా అన్ని తరగతుల్లో ద్విభాషా బోధన రావాలంది. సరిపడా ఇన్యూట్ టీచర్లు లేక 2020లో గడువుని 2039కి జరిపారు. ట్రైనింగ్ అయినవాళ్ళు కూడా తరగతిలోనే ఉండిపోరు. ఊళ్ళో డిగ్రీ ఉన్న మనిషి కాబట్టి ప్రిన్సిపాల్ పోస్టుకో, బ్యాండ్ కౌన్సిల్‌కో (ఆదివాసీల స్థానిక పాలక మండలి), ప్రభుత్వ ఆఫీసుకో లాక్కుపోతారు. అది ఊరికి నష్టం కాదనుకోండి, కానీ ఒకటో తరగతి మళ్ళీ ఖాళీ.

ఆ ఖాళీలోకి దక్షిణం నుంచి కొత్త టీచర్ వస్తాడు, చాలాసార్లు బడి ఏడాది ముగిసే జూన్‌లో వెళ్ళిపోతాడు. మనవాళ్ళలో ఎవరైనా అలా వెళ్ళేవాళ్ళుంటే ఒక్క మాట. ఇండియా బీఈడీ ఉన్నా, ముందు ఆ ప్రావిన్స్ (మన రాష్ట్రం లాంటిది) టీచింగ్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, దానికి టైమ్ పడుతుంది. ఇక ఊళ్ళో దిగాక, మీ గదిలో పనిచేసే అసిస్టెంట్ ఎవరో కనుక్కుని మొదటి వారం ఆమె పక్కన కూర్చోండి. ఆ పిల్లల అక్కలకీ అన్నలకీ షూలేసులు కట్టింది ఆమే. ట్రైనింగ్‌కి అప్లై చేసిందేమో కూడా అడగండి. ఫారం నింపడానికి ఇంటర్నెట్ సరిగ్గా లేక ఆగిపోయినవాళ్ళు ఈ మధ్య నాకు ఇద్దరు తగిలారు.