అపోహలు – వాస్తవాలు: బ్రిటన్, అమెరికా నాయకుల గురించి అక్కడి జనం ఏమనుకుంటారు?

హైదరాబాద్‌లో కూర్చుని బ్రిటన్, అమెరికా సర్వేల జవాబులు చదవడం నా ఉద్యోగం. "ఈ నాయకుడిలో మీకు నచ్చనిదేమిటి?" అని అడిగి కింద ఖాళీ పెట్టె ఇస్తారు. అందులో జనం రాసిన ప్రతి ముక్కా చదివి, దానికో నంబరు వేస్తాం. దీన్ని మేం కోడింగ్ అంటాం. సాఫ్ట్‌వేర్ కోడింగ్‌కీ దీనికీ ఏ సంబంధమూ లేదు. నా పెళ్లిచూపుల్లో మావాళ్లు ఆ తేడా వివరంగా చెప్పలేదనుకోండి, అది వేరే సంగతి. 12 ఏళ్లుగా ఇదే పని. క్లయింట్ల లెక్కలు బయటపెట్టను, అందరికీ అందుబాటులో ఉన్న ఫలితాలతోనే చెబుతాను.

అపోహ: జనానికి ఎక్కువ నచ్చిన నాయకుడే గెలుస్తాడు.

బంధువులు ఎవరు కలిసినా "ఇంతకీ అక్కడ ఎవరికి క్రేజు?" అని అడుగుతారు. అది తెలిస్తే ఫలితం తెలిసిపోయినట్టేనని వాళ్ల లెక్క.

1945లో గాలప్ అనే సర్వే సంస్థ అడిగితే, బ్రిటన్ ప్రధాని చర్చిల్ పనితీరును 80 శాతానికి పైగా మెచ్చుకున్నారు. అదే వేసవిలో జరిగిన ఎన్నికల్లో ఆయన కన్జర్వేటివ్ పార్టీని చిత్తుగా ఓడించారు. యుద్ధానికి చర్చిల్ సరే, ఇళ్లకీ వైద్యానికీ ఉద్యోగాలకీ అట్లీ నాయకత్వంలోని లేబర్ పార్టీ కావాలనుకున్నారు. 1979లోనూ ప్రధానిగా ఎవరు మేలని అడిగితే కన్జర్వేటివ్ నాయకురాలు థాచర్ కంటే లేబర్ ప్రధాని కాలహన్ పేరే ఎక్కువమంది చెప్పారు. గెలిచింది మాత్రం థాచర్.

2024 సంగతి ఇంకా విచిత్రం. స్టార్మర్ నడిపిన లేబర్ పార్టీకి 400కు పైగా సీట్లు వచ్చేసరికి ఇక్కడ చాలామంది అదంతా ఆయన హవా అనుకున్నారు. లేబర్‌కి వచ్చిన ఓట్లు 33.7 శాతమే. 2017లో కార్బిన్ నాయకుడిగా ఉన్నప్పుడు అదే పార్టీకి 40 శాతం వచ్చాయి, అయినా ఓడింది. అంతెందుకు, 2019లో ఘోరంగా ఓడినప్పుడు పడిన ఓట్ల కన్నా కూడా 2024లో పడినవి తక్కువ. కన్జర్వేటివ్‌ల ఓట్లలో పెద్ద వాటా రిఫార్మ్ పార్టీకి చీలిపోయింది. నియోజకవర్గంలో ఒక్క ఓటు ఎక్కువొచ్చినా సీటు వాళ్లదే కాబట్టి లేబర్ పంట పండింది.

అమెరికాలో 2016 ఎగ్జిట్ పోల్ చూడండి. ట్రంప్, హిల్లరీ ఇద్దరూ నచ్చలేదన్నవాళ్లు 18 శాతం. వాళ్లలో 47 శాతం ట్రంప్‌కి వేశారు, 30 శాతం హిల్లరీకి. అక్కడ గెలుపుని తేల్చేది దేశం మొత్తం ఓట్లు కాదు, రాష్ట్రాలు. ట్రంప్‌ని గెలిపించిన విస్కాన్సిన్, మిషిగన్, పెన్సిల్వేనియా మూడు రాష్ట్రాల్లోనూ కలిపి తేడా 80 వేల ఓట్ల లోపే. అభిమానంతో వేసిందీ, తిట్టుకుంటూ వేసిందీ లెక్కలో ఒక్క ఓటే.

అపోహ: అప్రూవల్ రేటింగ్ అంటే నాయకుడి మీద ఇష్టం.

కాదు. "పని ఎలా చేస్తున్నాడు?" అనేది ఒక ప్రశ్న, "మనిషి ఎలాంటివాడు?" అనేది ఇంకొకటి. 1998 డిసెంబరులో బిల్ క్లింటన్‌ని ప్రతినిధుల సభ అభిశంసించిన రోజుల్లోనే గాలప్‌లో ఆయన పనితీరుకి 73 శాతం వచ్చింది. ఆయన నిజాయితీ గురించి అడిగితే అవే నోళ్లు వేరేగా పలికేవి. పైగా ఈ అంకె ఎక్కువ కాలం నిలవదు. గల్ఫ్ యుద్ధం తర్వాత 1991లో పెద్ద బుష్‌కి 89 శాతం. మరుసటి ఏడాది ఓడిపోయాడు.

అపోహ: అక్కడివాళ్లు విధానాలు చదివి అభిప్రాయం చెప్తారు, మనలా కాదు.

ఇది వింటే మా టీమ్ మొత్తం నవ్వుతుంది. పన్నుల గురించీ, వలసల గురించీ రాసేవాళ్లు ఉంటారు, కాదనను. కానీ నమ్మబుద్ధి కాదు, పొగరు, ముసలాడైపోయాడు, మాలాంటివాళ్ల కష్టం తెలీదు, ఇవే పెట్టె నిండా. ఆ చివరి మాటని తేలిగ్గా తీసుకోకండి. 2012 ఎగ్జిట్ పోల్‌లో గట్టి నాయకుడు, దూరదృష్టి లాంటి గుణాలు చూసినవాళ్లు ఒబామా ప్రత్యర్థి రామ్నీ వైపు మొగ్గారు. "నాలాంటివాళ్లని పట్టించుకునేవాడు" కావాలన్నవాళ్లలో మాత్రం 81 శాతం ఒబామాకే వేశారు.

అపోహ: వెయ్యిమందిని అడిగితే ఏం తెలుస్తుంది? 2016లో చూశాంగా, హిల్లరీ అన్నారు, ట్రంప్ గెలిచాడు.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలు, కానీ గిన్నె అంతటా ఒకేలా ఉడికి ఉండాలి. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలకి లిటరరీ డైజెస్ట్ పత్రిక 20 లక్షలకు పైగా జవాబులు పోగేసి, రూజ్వెల్ట్ మీద లాండన్ గెలుస్తాడంది. రూజ్వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. ఆ పత్రిక చిరునామాలు ఎక్కువగా ఫోనూ కారూ ఉన్నవాళ్లవి.

2016లో దేశం మొత్తం మీద వేసిన అంచనాలు మరీ అంత తప్పలేదు. హిల్లరీకి దాదాపు 3 శాతం ఆధిక్యం అన్నారు, ఓట్లలో 2 శాతం ఆధిక్యం వచ్చింది. తప్పింది రాష్ట్రాల సర్వేలు. డిగ్రీ ఉన్నవాళ్లు సర్వేలకి ఎక్కువగా జవాబిస్తారు, దాన్ని చాలా సంస్థలు సరిచేయలేదు. మరి 2020లో సరిచేశాక? తప్పు ఇంకా పెరిగింది! ఫోన్ ఎత్తే ట్రంప్ ఓటరూ, ఎత్తని ట్రంప్ ఓటరూ ఒకలాంటివాళ్లు కాదేమో అన్నది ఒక వాదన. నాకైతే అదే సబబుగా తోస్తుంది.

అపోహ: సునాక్‌ని బ్రిటన్ ప్రజలు ప్రధానిగా ఎన్నుకున్నారు.

2022లో కన్జర్వేటివ్ పార్టీ సభ్యుల ఓటింగులో లిజ్ ట్రస్ చేతిలో ఓడాడు. ఆమె 49 రోజులకే దిగిపోయాక పోటీ లేకుండా వచ్చాడు. ప్రజల ముందుకి ప్రధానిగా వెళ్లింది 2024లో, ఓడిపోయాడు.

అపోహ: మనవాడు కాబట్టి మనకి మేలు చేస్తాడు.

సునాక్ హయాంలోనే, 2024 జనవరి నుంచి, మామూలు మాస్టర్స్ చదివేవాళ్లు భార్యనో భర్తనో వెంట తీసుకెళ్లే వీలు పోయింది. ఉషా చిలుకూరి వల్ల జేడీ వాన్స్‌ని "ఆంధ్రా అల్లుడు" అని మురిసిపోయాం. ఆయన ఉపాధ్యక్షుడిగా ఉండగానే 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌1బీ దరఖాస్తుకి లక్ష డాలర్ల ఫీజు వచ్చింది. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఆ వారం అల్లుడి ఫొటోలు ఆగిపోయాయి.

అపోహ: అక్కడ ప్రతి ఒక్కరికీ ఏదో ఒక అభిప్రాయం ఉంటుంది.

ఖాళీ పెట్టెలో "ఏమీ లేదు", "తెలీదు", ఒక్కోసారి ఉత్త చుక్క. వాటికీ ఒక కోడ్ ఉంటుంది. రోజు మొత్తం మీద నేను ఎక్కువసార్లు కొట్టే నంబరు అదే.