ఒక్క పేరున్న బ్యాలెట్

2023 మార్చిలో క్యూబా పార్లమెంటులోని 470 స్థానాలకు సరిగ్గా 470 మందే నిలబడ్డారు. అందరూ గెలిచారు. సోవియట్ యూనియన్‌లో దశాబ్దాల పాటు నడిచింది ఇలాంటి పద్ధతే.

అక్కడి బ్యాలెట్ మీద ఓ సూచన అచ్చయి ఉండేది: మీరు ఓటేసే ఒక్క అభ్యర్థి పేరు ఉంచి, మిగతా పేర్లు కొట్టేయండి. కిందకి చూస్తే ఉండేది ఒక్క పేరే.

ఇది అచ్చుతప్పు కాదు. 1936 మార్చిలో అమెరికా పత్రికాధిపతి రాయ్ హోవార్డ్‌తో మాట్లాడుతూ, కొత్త రాజ్యాంగం వచ్చాక ఎన్నికల పోరు జోరుగా ఉంటుందని స్టాలినే చెప్పాడు. 1937లో అరెస్టులు, కాల్చివేతలు ముమ్మరమయ్యేసరికి పోటీ ముచ్చట అటకెక్కింది. డిసెంబర్ 12న జనం ఓటేసింది ఒంటరి పేర్లకే. సూచన మాత్రం అలాగే మిగిలిపోయింది.

ఓటు రహస్యమే, చట్టం ప్రకారం. బల్ల దగ్గర కాగితం తీసుకుని, మడిచి, నేరుగా పెట్టెలో వేస్తే చాలు. అది అనుకూల ఓటు. పేరు కొట్టేయాలంటే తెర వెనక్కి వెళ్లాలి. వెళ్లడమే అందరి కంటా పడడం! కాబట్టి ఎక్కువమంది అటు చూడకుండా పోలింగ్ కేంద్రంలోని బఫేలో దొరికే సాసేజీలు, నారింజలు కొనుక్కుని ఇంటికెళ్లేవారు. ఇంటి పైకప్పు కారుతోంది, బాగుచేస్తేనే ఓటేస్తామని బెదిరించి పని చేయించుకున్న గడుసువాళ్లూ ఉన్నారు. 1984లో పోలింగ్ 99.99 శాతం. మన పంచాయతీ ఏకగ్రీవాలు దీని ముందు దిగదుడుపే.

అయితే చట్టంలో ఒక మెలిక ఉంది. ఒంటరి అభ్యర్థి అయినా సగానికి మించి ఓట్లు తెచ్చుకోవాలి. గ్రామ సోవియట్‌లలో, అంటే ఊరి పాలక మండళ్లలో, అడపాదడపా ఎవరో ఒకరు అలా ఓడేవారు. పైస్థాయిలో ఆ ఊసే లేదు.

1988 చివర్లో గోర్బచెవ్ తెచ్చిన కొత్త చట్టం పోటీకి దారి తెరిచింది. నా దృష్టిలో అసలు మార్పు ఇంకోటి: పెట్టె దగ్గరికి వెళ్లే ప్రతి ఒక్కరూ తెర చాటు గుండానే వెళ్లాలన్నారు. ఇక ఎవరు పెన్సిల్ పట్టారో తెలిసే వీల్లేదు.

ఆ చట్టం కింద 1989 మార్చి 26న జరిగిన ఎన్నికల్లో, మాస్కోలో పార్టీ పెద్దలతో తగవుపడ్డ యెల్సిన్‌కు దాదాపు 89 శాతం ఓట్లు పడ్డాయి. అంతకంటే విడ్డూరం లెనిన్‌గ్రాడ్‌లో జరిగింది. అక్కడి కమ్యూనిస్టు పార్టీ పెద్ద, పార్టీ అత్యున్నత మండలి పొలిట్‌బ్యూరోలో ఓటు హక్కు లేని సభ్యుడు యూరి సొలొవ్యొవ్‌కు పోటీ ఎవరూ లేరు. సగం మందికి పైగా ఆయన పేరు కొట్టేశారు. జూలైలో పార్టీ పదవి కూడా పోయింది.