గూడేలకు బయలుదేరే ముందు

ప్రియమైన పిల్లలూ,

వేసవి సెలవుల్లో మాతో పాటు చింతూరు అడవుల్లోని గుత్తికోయల గూడేలకు, అంటే ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన ఆదివాసీల గూడేలకు, వస్తామని రాశారు. చదివి చాలా సంతోషపడ్డాను. అప్పుడే పాత బట్టలు, బిస్కెట్లు పోగు చేస్తున్నామన్నారు, అది మాత్రం కాస్త ఆపండి. వాళ్లు ఎందుకలా బతుకుతున్నారో తెలిస్తే ఏం తీసుకెళ్లాలో మీకే అర్థమవుతుంది.

2005లో ఛత్తీస్‌గఢ్ దక్షిణాన, అప్పటి దంతెవాడ జిల్లాలో, మావోయిస్టులకు ఎదురుగా సర్కారు అండతో సల్వాజుడుం అనే సాయుధ ఉద్యమం మొదలైంది. ఆదివాసీ కుర్రాళ్లకే తుపాకులిచ్చి ఆదివాసీ ఊళ్ల మీదికి పంపారు. ఇళ్లు తగలబడ్డాయి. ఎంతోమందిని రోడ్డు పక్క శిబిరాలకు తోలారు. ఊళ్లో ఉంటే మావోయిస్టులవాళ్లని ఒకరు, శిబిరానికి వెళ్తే పోలీసులవాళ్లని మరొకరు అనుమానించేవారు. ఆ రెండు భయాల మధ్య నలిగి, వేలమంది పిల్లాపాపలతో అడవి దాటి ఖమ్మం, వరంగల్, గోదావరి జిల్లాలకు వచ్చేశారు. 2011 జులైలో ఆ కుర్రాళ్లకు తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పింది. కానీ అప్పటికే ఇక్కడ గుడిసెలేసుకుని, పోడు కొట్టుకుని, పిల్లల్ని కన్న చాలా కుటుంబాలు వెనక్కి వెళ్లలేకపోయాయి.

ఇక్కడా వాళ్లకు నిలకడ లేదు. అటవీ హక్కుల చట్టం ప్రకారం పోడు భూమికి పట్టా రావాలంటే 2005 డిసెంబరు 13కు ముందు నుంచే ఆ భూమి చేతిలో ఉండాలి. వీళ్లలో ఎక్కువమంది ఊళ్లు వదిలిందే ఆ రోజుల్లో, ఆ తర్వాతి ఏళ్లలో. పైగా అక్కడ ఎస్టీలైనవాళ్లకు ఇక్కడ ఎస్టీ సర్టిఫికెట్ ఇవ్వరు. అందుకే అటవీశాఖ లెక్కలో వాళ్లు ఆక్రమణదారులు. గుడిసెలు పీకేస్తే ఇంకోచోట వేసుకుంటారు. ప్రాణభయంతో వచ్చినవాళ్లను ఒక తేదీ చూపించి పరాయివాళ్లను చేయడం నాకు ఎన్నటికీ మింగుడుపడదు. 2022 నవంబరులో కొత్తగూడెం దగ్గర పోడు గొడవలో ఒక అటవీ అధికారిని చంపేశారు. అది ఘోరం. కానీ చేసినవాళ్ల నేరానికి గుత్తికోయలందరినీ పంపేయాలన్న మాట వినిపించింది. అదీ ఘోరమే.

ఇప్పుడు సామాను సంగతి. చాలా గూడేలకు కరెంటు లేదు, దారి లేదు. వాన పడితే వాగు పొంగి రోజుల తరబడి దారి తెగిపోతుంది. కాబట్టి జూన్ రాకముందే టార్పాలిన్లు చేరాలి. కప్పు కారకపోతే లోపలి గింజలు తడవవు. తర్వాత దోమతెరలు, ఎందుకంటే ఆ అడవుల్లో మలేరియా ఎక్కువ. ఉప్పు, నూనె, సబ్బులు, మూత ఉన్న పెద్ద బిందెలు ఎప్పుడూ పనికొస్తాయి. చాలామంది వాగు ఇసుకలో చెలమ తవ్వి నీళ్లు తోడుకుంటారు. ఆ నీళ్లు కాచి మూత పెట్టుకోవడానికి గిన్నె లేని ఇళ్లున్నాయి. జీన్సు ప్యాంట్లు, పట్టు చీరలు వద్దు.

ఏ గూడేనికి ఏం కావాలో అక్కడి ఆడవాళ్లను అడిగే జాబితా రాస్తాం. మగవాళ్లు టార్పాలిన్ అంటారు, ఆడవాళ్లు బిందె అంటారు, రెండూ రాసుకోవాలి. మాట కలపడానికి పక్క ఊరి కోయ కుర్రాళ్లు మనతో వస్తారు. మిరప కోతలు జరిగే రోజుల్లో పగలు వెళ్తే పెద్దవాళ్లెవరూ ఉండరు, కూలికి పోతారు. అందుకే ముందు కబురు పంపుతాం. సామాను మనం వరుసలో నిలబెట్టి పంచం, గూడెం పెద్దకు అప్పగిస్తాం. ఎన్ని ఇళ్లు, ఎవరింట్లో పసిపిల్లలున్నారు అన్నది ఆయనకు తెలుసు. ఇంటింటికీ సమానంగా అందిందో లేదో తర్వాత వెళ్లి మనమే చూసుకుంటాం.

ఫోటోలు తీయొద్దు. మీరు మంచి మనసుతోనే పెడతారు, నాకు తెలుసు. కానీ ఎవరు ఎక్కడున్నారో పది మందికీ తెలియడమంటే వాళ్లకు నిజంగా భయం. ఆ టెన్షన్ మన వల్ల రాకూడదు.

వచ్చే ఆదివారంలోగా మీ వీధిలో ఎవరు దోమతెరలిస్తారో, ఎవరు టార్పాలిన్లకు డబ్బిస్తారో విడివిడిగా రాసి పంపండి. ట్రాక్టరు సంగతి నేను చూసుకుంటాను. మీరు ఒంటికి నిండుగా చేతులున్న చొక్కాలు, బూట్లు తెచ్చుకోండి. అమ్మానాన్నలతో ఒకసారి నాకు ఫోన్ చేయించండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య