గోదావరి డెల్టాలో సోషల్ వర్క్ డిగ్రీ: వెనక ఉన్న నూటయాభై ఏళ్లు

ఇంటర్ ఫలితాలు వచ్చి డిగ్రీ అడ్మిషన్లు మొదలవగానే అమలాపురం, భీమవరం, కాకినాడల్లో నెట్ సెంటర్ల ముందు తల్లిదండ్రులు గుమిగూడతారు. కంప్యూటర్ సైన్స్ సీటు ఎక్కడ దొరుకుతుంది, బీకాం కంప్యూటర్స్‌కు ఫీజు ఎంత అన్న వాకబు జోరుగా సాగుతుంది. ఆప్షన్ల జాబితాలో ఎక్కడో అడుగున సోషల్ వర్క్ ఉంటే, దాని మీద వేలు పెట్టిన పిల్లను ఇంట్లోవాళ్లు వింతగా చూస్తారు. “సేవ చేయడానికి డిగ్రీ ఎందుకమ్మా?”

ఆ ప్రశ్నను తీసిపారేయడానికి లేదు. నూటయాభై ఏళ్లుగా ఈ డెల్టాలో సాయం చేసి పేరు తెచ్చుకున్నవారెవరూ అందుకోసం పట్టా పుచ్చుకుని రాలేదు, జీతం అడగలేదు. ఆ పెద్దల మీద మనకున్న గౌరవమే ఈ చదువుకు గిరాకీ లేకుండా చేసిందని నా అభిప్రాయం. ప్రభుత్వాలు కూడా ఆ గౌరవాన్ని బాగానే వాడుకున్నాయి.

కోనసీమలో ఎవరినడిగినా మొదట చెప్పే పేరు డొక్కా సీతమ్మ (1841–1909). వంతెనలు లేని కాలంలో, పడవ కోసం రేవులో ఆగిపోయిన బాటసారులకు లంకల గన్నవరంలోని తన ఇంట్లో ఆమె వేళాపాళా చూడకుండా అన్నం పెట్టారు. పి.గన్నవరం అక్విడక్టుకు ఆమె పేరే పెట్టారు. 2024 నుంచి బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికీ అదే పేరు. మరోవైపు మిషనరీలు. బౌడెన్, బీర్ కుటుంబాలు 1830లలోనే నరసాపురం చేరాయి. ధవళేశ్వరం ఆనకట్ట (1847–52) పనికి వచ్చిన కూలీల మధ్య కూడా ఆ మిషను వాళ్లు తిరిగారు. కెనడా బాప్టిస్టులు 1874లో కాకినాడలో దిగి, తర్వాత రామచంద్రపురంలో కుష్ఠురోగులకు ఆశ్రమం పెట్టారు. మాల మాదిగ పేటల్లో చాలా కుటుంబాలకు మొదటి బడి, మొదటి ఆసుపత్రి వీళ్లవే.

అయితే నేడు సోషల్ వర్క్ పేరుతో చెబుతున్న చదువుకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది రాజమండ్రిలో జరిగిన పని. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల తెరిచారు, అదే ఏడాది ‘వివేకవర్ధని’ పత్రిక మొదలుపెట్టారు. 1881 డిసెంబర్ 11న మొదటి వితంతు వివాహం జరిపించారు. పెళ్లి నాటి గొడవ, విద్యార్థుల కాపలా, పోలీసు బందోబస్తు గురించి మనం బడిలో చదువుకున్నాం. అసలు భారం ఆ మర్నాటి నుంచి మొదలైంది. ఊరు వెలివేసింది. వంటవాళ్లు, నీళ్లవాళ్లు రావడం మానేశారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ స్వయంగా గోదావరి నుంచి నీళ్లు మోసుకొచ్చి ఇంటిల్లిపాదికీ వండి పెట్టారు. పెళ్లయిన జంటలకు తల దాచుకునే చోటు చూడాలి, పుట్టింటివారు తలుపులు మూసేసిన ఆడపిల్లకు ధైర్యం చెప్పాలి, కొన్నాళ్లపాటు ఖర్చులు భరించాలి. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య ఇచ్చిన డబ్బు అక్కడ అక్కరకు వచ్చింది. ఆశ్రయం, రక్షణ, ఆర్థిక సాయం, ఆపై ఏళ్ల తరబడి యోగక్షేమాలు కనుక్కోవడం: సిలబస్‌లో కేస్‌వర్క్ (ఒక్కో మనిషికి విడిగా సాయపడే పద్ధతి) పేపరు చెప్పే అంచెలన్నీ ఆ ఇంట్లో నడిచాయి. నడిపింది ఒక తెలుగు పండితుడి మొండితనం, ఒక ఇల్లాలి రెక్కల కష్టం. రాజ్యలక్ష్మమ్మ చేసిన పనిని పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంతో సరిపెట్టడం నాకెప్పుడూ మింగుడుపడదు.

కాకినాడ పిఠాపురం రాజా (పీఆర్) కాలేజీ ప్రిన్సిపాల్‌గా రఘుపతి వెంకటరత్నం నాయుడు, ఆయన ప్రభావంలో పిఠాపురం మహారాజా సూర్యారావు బహదూర్ అనాథలకు, దళిత విద్యార్థులకు వసతి కల్పించడం తర్వాతి అంకం. అది దాతల కాలం. దాత ఉన్నంతవరకు పని సాగేది.

విచిత్రమేమిటంటే, ఇలాంటి పనికి దేశమంతటికీ ఒక ప్రభుత్వ యంత్రాంగాన్ని నిర్మించిన మనిషి కూడా ఇక్కడివారే. దుర్గాబాయి (తర్వాత దేశ్‌ముఖ్) 1909లో రాజమండ్రిలో పుట్టారు, కాకినాడలో పెరిగారు. పసితనంలో చేసిన పెళ్లిని కాదనుకున్నారు. చిన్న వయసులోనే ఆడపిల్లలకు హిందీ పాఠశాల నడిపారు. 1923 కాకినాడ కాంగ్రెసు సభల్లో టికెట్టు లేదని నెహ్రూను ప్రదర్శన గుమ్మం దగ్గర ఆపిన బాలిక కథ అందరికీ తెలుసు. అంతకన్నా ముఖ్యమైనది మదురై జైలు. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో అక్కడ, చట్టం తెలియక, తమ తరఫున మాట్లాడే మనిషి లేక శిక్ష అనుభవిస్తున్న స్త్రీలను ఆమె దగ్గరగా చూశారు. న్యాయశాస్త్రం చదవాలన్న పట్టుదల అక్కడ పుట్టింది. మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు, రాజ్యాంగ సభలో కూర్చున్నారు, ప్రణాళికా సంఘంలో సభ్యురాలయ్యారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు దానికి తొలి అధ్యక్షురాలు ఆమే.

ఆ బోర్డు పనితీరు గమనించదగ్గది. ఊరూరా ఉన్న స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు ఇవ్వడం దాని ప్రధాన పని. రాష్ట్ర బోర్డుల్లో గౌరవ హోదాలో పనిచేసే మహిళా కార్యకర్తలు, గ్రామాల్లో చిన్న జీతం మీద గ్రామసేవికలు. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలను తక్కువ కాలంలో మెట్రిక్ స్థాయికి చేర్చే కోర్సులు 1958లో మొదలయ్యాయి. వాటిలో చదివి ఉద్యోగాల్లో చేరిన స్త్రీలు ఎందరో. డబ్బులేని కొత్త దేశంలో అంతకన్నా తెలివైన ఏర్పాటు అప్పట్లో సాధ్యమయ్యేది కాదేమో. కాకపోతే ఆ ఏర్పాటుతో ఒక అలవాటు స్థిరపడిపోయింది: సంక్షేమానికి మంచి మనసున్న ఆడవాళ్లు చాలు, జీతం నామమాత్రంగా ఇస్తే సరిపోతుంది అన్న అలవాటు. అంగన్‌వాడీ కార్యకర్తకు నేటికీ ఇచ్చేది ‘గౌరవ వేతనమే’.

ఇంతలో చదువు వేరే దారిలో వచ్చింది. బొంబాయి నాగ్‌పాడా మురికివాడల్లో పనిచేసిన అమెరికన్ మిషనరీ క్లిఫర్డ్ మాన్‌షార్ట్ చొరవతో 1936లో సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ మొదలైంది. అదే నేటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్. పేరులోనే గ్రాడ్యుయేట్ ఉంది: డిగ్రీ అయ్యాక చదివే చదువుగానే అది ఈ దేశంలో అడుగుపెట్టింది. పాఠాలు అమెరికా నగరాలవి. తర్వాత ఢిల్లీ, కాశీ, బరోడా. మద్రాస్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ 1952లో తెరుచుకుంది. మరుసటి ఏడాది అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది, మద్రాసు పరాయి రాష్ట్రమైంది. గోదావరి జిల్లాల పిల్లలకు ఆ స్కూలు అలా చేజారింది. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ తర్వాతెప్పుడో వచ్చింది, అదీ పీజీగానే.

చదివినవారికి మొదట్లో ఉద్యోగం ఇచ్చింది ఫ్యాక్టరీలు. 1948 ఫ్యాక్టరీల చట్టం 49వ సెక్షన్ ప్రకారం 500 మంది లేదా అంతకన్నా ఎక్కువ కార్మికులున్న చోట సంక్షేమాధికారి ఉండాల్సి వచ్చేది. బొంబాయికి, కోయంబత్తూరుకు అది వరం. డెల్టాలో రాజమండ్రి కాగితపు మిల్లులాంటివి ఎన్ని ఉన్నాయి? ఇక్కడున్నవి రైసు మిల్లులు. బస్తా మోసేది ముఠా కూలీలు, వాళ్లు మిల్లు రిజిస్టరులోనే ఉండరు. కొబ్బరి పీచు షెడ్లు, ఇటుక బట్టీలు, రొయ్యల చెరువులు... ఒక్కచోటైనా ఆ అంకె తగలదు. 2020 నాటి కార్మిక కోడ్ ఆ సంఖ్యను 250కి దించినా మన మిల్లుల్లో పెద్దగా మారేదేమీ లేదు.

పల్లెల అభివృద్ధికి 1952 అక్టోబర్ 2న సమాజ వికాస పథకం మొదలైనప్పుడు తొలి ప్రాజెక్టుల్లో కాకినాడ–పెద్దాపురం ప్రాంతం ఒకటి. సామర్లకోటలో విస్తరణ శిక్షణ కేంద్రం వెలిసింది. అక్కడ గ్రామసేవకులకు నేర్పింది ప్రధానంగా ఎరువు, విత్తనం, పంచాయతీ లెక్కలు. కౌలు, కులం, అప్పు వాళ్ల శిక్షణకు బయటే ఉండిపోయాయి. ఆనకట్ట నీళ్లు ఎవరి పొలానికి పారాయో, ఎవరి ఇంటికి పారలేదో చూసినవారికి అది ఎంత పెద్ద లోటో తెలుస్తుంది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చర్చంతా గిట్టుబాటు ధర మీదే సాగింది. నాట్లు లేక పని పోయిన కూలీ కుటుంబాలను విడిగా లెక్కలోకి తీసుకున్న మాట పెద్దగా వినిపించలేదు.

శిక్షణ పొందిన మనిషి అవసరాన్ని డెల్టాకు బలవంతంగా చూపింది 1996 నవంబర్ 6 రాత్రి వచ్చిన తుపాను. వెయ్యి మందికి పైగా చనిపోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి మత్స్యకార గ్రామాలు వేటకు వెళ్లిన మగవాళ్లను పోగొట్టుకున్నాయి. అన్నం పొట్లాలు, దుప్పట్లు పంచడానికి మనుషులు కొరవడలేదు, ఆ విద్య డెల్టాకు కొట్టిన పిండి. చిక్కు తర్వాత వచ్చింది. శవం దొరకనిదే మరణం రుజువు కాదు. ఆచూకీ లేని మనిషిని చనిపోయినట్టు భావించడానికి చట్టం మామూలుగా ఏడేళ్లు ఆగమంటుంది. భర్త పడవ ఎక్కాడని ఎవరు చెప్పాలి, డబ్బు వస్తే భార్య చేతికా అత్తమామల చేతికా, ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే పిల్లలు ఎవరి దగ్గర? ఇవి దయతో మాత్రమే తేలేవి కావు. ఆ తర్వాతి దశాబ్దంలో తూర్పు గోదావరి హెచ్‌ఐవీ తీవ్రత ఎక్కువున్న జిల్లాల్లో ఒకటిగా తేలింది. ఆసుపత్రుల పరీక్షా కేంద్రాల్లో కౌన్సిలర్లు కావలసి వచ్చారు. జిల్లాలో సోషల్ వర్క్ చదువుకు కాస్త విలువ వచ్చింది అప్పుడే. కానీ అక్కడా పీజీ వాళ్లకే పెద్దపీట.

డిగ్రీ చదివినవారికి తలుపు తీసినవి బాలల చట్టాలు. 2000, 2015 నాటి బాలల న్యాయ చట్టాలతో జిల్లా బాలల సంరక్షణ విభాగాలు బలపడ్డాయి. ఇప్పటి మిషన్ వాత్సల్య (కేంద్ర బాలల సంరక్షణ పథకం) నిబంధనల ప్రకారం ఆ విభాగంలో సోషల్ వర్కర్ పోస్టుకు డిగ్రీ చాలు, సోషల్ వర్క్ లేదా సోషియాలజీ చదివితే ప్రాధాన్యం. జీతం నెలకు 18,536 రూపాయలు, కాంట్రాక్టు మీద.

ఆ జీతానికి చేయాల్సిన పని చూడండి. తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది, తండ్రి తాగుడు, అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న పదమూడేళ్ల పిల్ల రొయ్యల షెడ్డులో తలలు ఒలుస్తూ కనిపించింది అనుకుందాం. ఇలాంటి ఇళ్లు కోనసీమలోనూ పశ్చిమ డెల్టాలోనూ కొత్త కాదు. సోషల్ వర్కర్ ఆ ఇంటికి వెళ్లి సామాజిక దర్యాప్తు నివేదిక రాయాలి. బడి రిజిస్టరులో పేరు ఎప్పటి నుంచి ఆగింది, తల్లి పంపే డబ్బు ఎవరి ఖాతాలో పడుతోంది, ఏజెంటుకు ఇంకా ఎంత బాకీ, రాత్రి ఇంట్లో ఎవరెవరు పడుకుంటారు, పక్కింటివాళ్లు ఏం చెప్పలేక మాట మారుస్తున్నారు. అమ్మమ్మను భయపెట్టకుండా ఇవన్నీ రాబట్టాలి. పిల్లను హోముకు పంపాలా, ఇంట్లోనే ఉంచాలా అన్నది శిశు సంక్షేమ కమిటీ తేల్చేటప్పుడు ముందుండేది ఆ కాగితమే. దాన్ని సరిగా రాయడం నేర్చుకోకుండా రాదు. ‘సేవకు డిగ్రీ ఎందుకు’ అన్నదానికి నాకు తోచిన జవాబు ఇదే.

మరి డిగ్రీ ఆ పని నేర్పుతోందా? రాష్ట్రంలో సోషల్ వర్క్ ఎక్కువగా బీఏలో మూడు సబ్జెక్టుల్లో ఒకటిగా బతికింది. 2023–24 నుంచి సింగిల్ మేజర్ (ఒకే ప్రధాన సబ్జెక్టు) పద్ధతి వచ్చింది. ఇది కాక ఏ గ్రూపు చదివినా మొదటి ఏడాది తర్వాత 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తప్పనిసరి. బీకాం కుర్రాళ్లు కూడా ప్రశ్నావళి పట్టుకుని ఊళ్లో ఇల్లిల్లూ తిరుగుతున్నారు. మంచిదే. కానీ ఊరివాళ్ల దృష్టిలో సర్వే కాగితం పట్టుకున్న ప్రతివాడూ ఒకటే, సోషల్ వర్క్ విద్యార్థి అందులో కలిసిపోయాడు. బొంబాయిలో ఫీల్డ్‌వర్క్‌కు పంపితే అక్కడ శిక్షణ పొందిన పర్యవేక్షకుడు ఉంటాడు. ఇక్కడ పంపేది అంగన్‌వాడీకి, సచివాలయానికి, వృద్ధాశ్రమానికి. అక్కడి వారికే ఊపిరి సలపదు, వీళ్లకేం నేర్పుతారు?

పైగా ఈ వృత్తికి న్యాయవాదులకు, నర్సులకు ఉన్నట్టు జాతీయ మండలి లేదు. 1990ల నుంచి ముసాయిదా బిల్లులు తిరుగుతూనే ఉన్నాయి. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం వైద్య, మానసిక ఆరోగ్య రంగాల్లోని సోషల్ వర్కర్లను తన జాబితాలో చేర్చింది. మిగిలినవారి సంగతి అలాగే ఉంది.

ఈ సబ్జెక్టు మీద మనసుపడిన పిల్ల ఇంట్లో ఉంటే కాలేజీని అడగాల్సింది ఫీజు ఒక్కటే కాదు. ఫీల్డ్‌వర్క్‌కు వారంలో రెండు రోజులు టైంటేబుల్‌లో కేటాయించారా, ఏ సంస్థకు పంపుతారు, రికార్డు దిద్దేది ఎవరు, పాఠం చెప్పేవారు ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదివినవారా లేక వేరే సబ్జెక్టు మేష్టారికి అదనంగా అప్పగించారా? వీటికి తిన్నని జవాబు రాకపోతే, బీఏలో మరేదైనా చదివి పీజీలో ఇటు రావచ్చు. ఎంఎస్‌డబ్ల్యూలో చేరడానికి సాధారణంగా ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. మూడేళ్లు సోషల్ వర్కే చదివిన పిల్లా, అప్పటిదాకా ఆ పుస్తకం తెరవని పిల్లా అక్కడ పక్కపక్కన కూర్చుని మొదటి పాఠం నుంచి వింటారు.