మహాబలిపురం: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఇక్కడివన్నీ ఏకశిలా కట్టడాలే.

కాదు. ఇక్కడ రాతిపని మూడు రకాలు. కొండను లోపలికి తొలిచిన మండపాలు, బండను పైనుంచి కిందికి చెక్కి గుడిలా మలిచిన రథాలు, రాళ్లు కోసి పేర్చి కట్టిన గుడులు. సముద్రం ఒడ్డున ఉన్న గుడి మూడో రకం. 8వ శతాబ్దం మొదట్లో పల్లవ రాజు రెండో నరసింహవర్మ (రాజసింహుడు) కాలం నాటిది. దగ్గరికెళ్తే రాళ్ల అతుకులు తెలుస్తాయి. అందులోనే రెండు శివాలయాల నడుమ పడుకున్న విష్ణువును మాత్రం అక్కడున్న బండలోనే చెక్కారు. విమానాల (గర్భగుడి మీది శిఖరాల) ఫొటోలు తీసుకుని, ఆయన్ని చూడకుండానే వెనుదిరిగేవాళ్లు ఎక్కువ.

అపోహ: పంచ రథాలు పాండవులవి.

ఆ పేర్లు తర్వాతి కాలంలో జనం పెట్టుకున్నవి. ధర్మరాజ రథం మీదున్న శాసనం దాన్ని 'అత్యంతకామ పల్లవేశ్వర గృహం' అంటోంది, అంటే అది శివుడి గుడి. రథాలూ కావు, చక్రాలూ లేవు. ద్రౌపది రథం అచ్చం పూరిగుడిసె, లోపల దుర్గ ఉంది. నకుల సహదేవ రథానికి వెనకభాగం ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది, పోల్చుకోమన్నట్టు పక్కనే రాతి ఏనుగును నిలబెట్టారు. ధర్మరాజ రథం పై అంతస్తులు నగిషీలతో పూర్తయ్యాయి, కింది అంతస్తు మొరటుగానే మిగిలింది. పని పైనుంచి మొదలైందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

అపోహ: పెద్ద శిల్పఫలకంలో ఉన్నది అర్జునుడి తపస్సే.

పండితుల్లో రెండు వాదాలున్నాయి: అర్జునుడి తపస్సని కొందరు, గంగ భూమికి దిగిరావడమని (గంగావతరణం) కొందరు. మాకు గంగావతరణమే సబబనిపిస్తుంది: బండ నడుమ సహజమైన చీలిక, అందులో నాగులు, పైన నీళ్లు నిలిపే తొట్టి. ఏనుగుల దగ్గర ఒంటికాలి మీద తపస్సు చేసే మునిని అనుకరిస్తూ చేతులెత్తి నిలబడ్డ దొంగజపం పిల్లిని, దాని చుట్టూ ఎలుకలను వెతకండి.

అపోహ: ఏడు గుళ్లలో ఆరు సముద్రంలో మునిగాయి.

'ఏడు గోపురాలు' పాశ్చాత్య నావికుల మాట. 2004 సునామీ తర్వాత నీటి అడుగున గోడల ఆనవాళ్లు దొరికాయి, కానీ ఆరు గుళ్ల లెక్క ఎక్కడా తేలలేదు.

అపోహ: ఏ వేళకు వెళ్లినా ఒకటే.

వెలుతురే అన్నీ మార్చేస్తుంది. ఒడ్డున ఉన్న పెద్ద ఆలయం, శిల్పఫలకం తూర్పు ముఖం. వరసలో ఉన్న నాలుగు రథాలు పడమటి ముఖం. కాబట్టి ఉదయం 6కే ఒడ్డు గుడి, అక్కణ్ణుంచి ఫలకం, కొండమీది మండపాలు. ఎండవేళ విశ్రాంతి. 4 దాటాక రథాలు. పొద్దున్నే రథాలకు వెళ్తే ముఖాలు నీడలో ఉండి శిల్పం చదునుగా కనిపిస్తుంది. ఒడ్డు గుడికి, రథాలకు అదే రోజు ఒకే టికెట్టు చెల్లుతుంది, పారేయకండి.

అపోహ: నల్లరాయి కదా, ముట్టుకుంటే ఏమవుతుంది?

ఉప్పుగాలి రాతిలోకి చేరి, ఆరినప్పుడు స్ఫటికాలై పైపొరను రేకులుగా విడదీస్తుంది. ఆ ఉప్పును లాగడానికి పురావస్తు శాఖ తడి కాగితపు గుజ్జు పట్టిస్తుంది. అలా బలహీనపడ్డ బొమ్మ మీద చెయ్యి ఆన్చితే రేకు ఊడొచ్చేస్తుంది. పిల్లల్ని నందుల మీద ఎక్కించి ఫొటోలు తీయకండి.