స్మాష్‌లో మెరిసి మాయమయ్యే పాత గేములు: అపోహలు - వాస్తవాలు

భీమవరంలో గేమింగ్ షాపు నడుపుతున్నానండి, వెనక గదిలో కన్సోళ్ళు రిపేరు చేస్తాను, ముందు గదిలో పిల్లలు ఆడుకుంటారు. ఆదివారమైతే సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్ తప్ప ఇంకోటి నడవదు, నింటెండో గేముల హీరోలంతా ఒకచోట చేరి కొట్టుకునే గేమ్ అది, స్మాష్ అంటాం. మారియో, పికాచు అందరికీ తెలుసు గానీ మధ్యలో వచ్చి నాలుగు దెబ్బలేసి మాయమైపోయేవాళ్ళు ఎవరో, ఎక్కడివాళ్ళో ఎవరికీ పట్టదు, పైగా వాళ్ళ గురించి తప్పు మాటలు తెగ తిరుగుతున్నాయి. రోజూ వింటున్నవే రాస్తున్నాను.

అపోహ: వీళ్ళంతా ఈ గేమ్ కోసం కొత్తగా పుట్టించిన బొమ్మలు.

కాదండి, ఒక్కొక్కళ్ళకీ సొంత గేమ్ ఉంది. అసిస్ట్ ట్రోఫీ అని ఒక వస్తువు పడుద్ది, అది తీసుకుంటే ఎవడో ఒకడు కాసేపు సాయానికొస్తాడు, అందులోంచి వచ్చే రోబో ఒకడున్నాడు కదా, చేతులూ కాళ్ళూ ఒంటికి అతుక్కోకుండా గాల్లో తేలుతుంటాయి, వాడి పేరు సుకాపాన్, 1993లో జపాన్‌లో ఫామికామ్ అనే నింటెండో పాత టీవీ గేమ్ మెషిన్‌కి వచ్చిన జాయ్ మెక్ ఫైట్‌లో హీరో. అంత పెద్ద బొమ్మల్ని స్పీడుగా కదిలించే సత్తా ఆ మెషిన్‌కి లేదు, అందుకని మోచేతులూ మోకాళ్ళూ తీసేసి ముక్కలు ముక్కలుగా కదిపారు, అదే వాడి అందం అయిపోయింది. కత్తి పట్టుకొచ్చే తకమారుది 1986 నాటి గేమ్. కప్పగానూ పాముగానూ మారిపోయే సాబ్లే యువరాజుది 1992 గేమ్‌బాయ్ గేమ్, జపాన్‌లోనే రిలీజైంది.

అపోహ: కామియో అంటే పాత బొమ్మని తెచ్చి అలంకారానికి పెట్టడమే.

ఇది వింటే మాత్రం నాకు ప్రాణం ఉసూరుమంటుంది, ఎందుకంటే తెచ్చింది బొమ్మని కాదు, ఆ గేమ్ రూలుని.

మొన్నో ఆదివారం ఒక కుర్రాడు ఆడుతుంటే అసిస్ట్‌గా డెవిల్ అనే దెయ్యం వచ్చాడు. స్క్రీన్ మొత్తం ఓ పక్కకి జరిగిపోతోంది, వీడు నిలబడ్డచోటే నిలబడ్డాడు, అయినా అంచు దాటి పోయాడు. "అన్నా, టీవీ పాడైందన్నా" అని కంట్రోలర్ కింద పెట్టేశాడు. వాళ్ళ నాన్నగారు వీణ్ణి తీసుకెళ్దామని వచ్చి గుమ్మంలో నిలబడి చూస్తున్నారు, రొయ్యల మేత వ్యాపారం ఆయనది, నలభై పైనే ఉంటాయి. "టీవీ కాదురా, ఆ దెయ్యం వేలు ఎటు చూపిస్తే అటు తోసేస్తాడు, మా క్యాసెట్‌లో ఉండేవాడు, గోడకీ గోడకీ మధ్య నలిగి చచ్చేవాళ్ళం" అన్నారు. ఆయ్, అక్షరాలా అదే. 1984లో వచ్చిన డెవిల్ వరల్డ్‌లో పైన దెయ్యం గంతులేస్తూ దిక్కు చూపిస్తాడు, చిట్టడవి మొత్తం అటు జరుగుతుంది, కింద టమగాన్ అనే పచ్చ డ్రాగన్ నలగకుండా పరిగెత్తాలి. నర్సాపురం రేవులో పంటు ఎక్కినప్పుడు మనం కదలకపోయినా ఒడ్డు జరిగిపోతున్నట్టుంటది చూడండి, అలాగన్నమాట. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఒక మనిషి మొహం చూసి కాదు, కదలిక చూసి గుర్తుపట్టాడంటే చేసినవాళ్ళు ఎంత శ్రద్ధగా చేశారో ఆలోచించండి.

స్మాష్‌లో నల్ల నీడలా ఉండే ఫైటర్ మిస్టర్ గేమ్ అండ్ వాచ్ కూడా అంతే. వాడు టక్కుటక్కుమని ఆగి ఆగి కదులుతుంటే గేమ్ హ్యాంగ్ అవుతోందనుకుంటారు. 1980 నాటి ఆ చేతి గేముల్లో ఒక్కో భంగిమా ఎల్‌సీడీ మీద ముందే వేసేసి ఉంటది, ఒకటి ఆరితే ఇంకోటి వెలుగుతుంది, మధ్యలో ఏమీ ఉండదు. ఆ ఖాళీని కూడా అలాగే ఉంచారు. సుత్తితో కొట్టినప్పుడు పడే అంకె జడ్జ్ అనే గేమ్‌లోది. రాబ్ అనే రోబో ఫైటర్ విసిరే బొంగరం 1985లో జైరోమైట్‌తో వచ్చిన నిజం బొంగరమే, ఆ రోబో బొమ్మకి వచ్చినవే మొత్తం రెండు గేములు.

అపోహ: ఇవి ఎవరూ ఆడని గేములు.

ఎవరి లెక్కలో అండీ? డెవిల్ వరల్డ్ శిలువలూ బైబిలూ ఉన్నాయని అప్పట్లో అమెరికాలో రిలీజ్ చెయ్యలేదు, కాబట్టి వాళ్ళకి తెలీదు. మనకి జాతరలో కొన్న టీవీ గేములు ఫామికామ్ కాపీలు, 9999 ఇన్ 1 అని రాసుండే క్యాసెట్లలో నిండా జపాన్ గేములే. బెలూన్ ఫైట్‌లో నీళ్ళకి దగ్గరగా ఎగిరితే చేప వచ్చి మింగేసేది, చెరువు గట్ల మీద పెరిగిన మాకు అది ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆ చేప స్మాష్‌లో బెలూన్ ఫైట్ స్టేజ్ కింద ఇప్పటికీ కాచుకుని ఉంది. ముళ్ళ బంతిలా ఉండే యునీరా క్లూ క్లూ ల్యాండ్‌లోది, దాన్ని చూస్తే ఇప్పటికీ నా బొటనవేలు జరుగుతుంది.

ఇంకోటి, తెలీదంటే పేరు మారి ఉండొచ్చు కూడా. 2001లో వచ్చిన పాత స్మాష్ గేమ్ మెలీలో తలమీద పువ్వు మొలిపించే కర్ర ఒకటి ఉంది, అది 1995 పానెల్ డి పాన్‌లో లిప్ అనే వనదేవతది. అదే గేమ్‌ని బయట దేశాల్లో ఆ పిల్లని తీసేసి యోషిని పెట్టి టెట్రిస్ అటాక్ అని అమ్మారు, టెట్రిస్‌తో దానికి సంబంధమే లేదు, ఆడినవాళ్ళకి కూడా లిప్ ఎవరో తెలీకుండా పోయింది. నాకైతే అది చాలా బాధేస్తది.

అపోహ: స్మాష్‌లోకి వస్తే ఆ గేమ్ మళ్ళీ బతికినట్టే.

ఒక్కోసారే. మెలీలో ఫైర్ ఎంబ్లమ్ గేముల కత్తివీరులు మార్త్, రాయ్ వచ్చాక 2003లో ఆ సిరీస్ మొదటిసారి ఇంగ్లీషులో వచ్చింది, నిజమే. పాత బాక్సింగ్ గేమ్ పంచ్-అవుట్ హీరో లిటిల్ మాక్ 2008లో అసిస్ట్‌గా వచ్చి 2014లో ఫైటర్ అయ్యాడు. కానీ లూకాస్ అనే కుర్రాడు 2008 నుంచీ స్మాష్‌లో కనిపిస్తూనే ఉన్నాడు, వాడి సొంత గేమ్ మదర్ 3 మాత్రం జపనీసులోనే ఉండిపోయింది.

అపోహ: అల్టిమేట్‌లో గెలిచి పోగేసే పాత్రల బొమ్మలు, అంటే స్పిరిట్లు, అన్నీ సేకరిస్తే చరిత్ర తెలిసిపోద్ది.

తెలీదు, అల్టిమేట్ స్పిరిట్లలో బొమ్మా పేరూ సిరీసూ తప్ప కథ రాసి ఉండదు. ముందు స్మాష్ గేముల్లో పోగేసే ట్రోఫీ బొమ్మల కింద నాలుగు లైన్లు రాసేవారు, అది తీసేశారు. అందుకే షాపులో నేనొక నోట్‌బుక్ పెట్టాను, స్మాష్‌లో ఎవరు కనిపించినా వాళ్ళ పేరు, సంవత్సరం, అసలు గేమ్‌లో ఏం చేసేవాడో రాసి ఉంటది. డెవిల్ వరల్డూ జాయ్ మెక్ ఫైటూ 2023లో స్విచ్ ఆన్‌లైన్‌లోకి, అంటే నింటెండో స్విచ్‌లో చందా కట్టి పాత గేములు ఆడే సర్వీసులోకి వచ్చాయి కదా, రొయ్యల మేత నాన్నగారు పోయిన వారం కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని డెవిల్ వరల్డ్ రెండు గంటలు ఆడారు, మూడో రౌండు దాకా వెళ్ళారు.